శుక్రవారం సలహాల సంఘం

దోహాలో అది నాకు రెండో ఏడు. ప్రభుత్వ ఆసుపత్రిలో మగవాళ్ళ సర్జికల్ వార్డులో నర్సుని. తొంభైల మధ్య కాలం. మా వార్డు సిస్టర్లలో ఎక్కువమంది కేరళవాళ్ళు, ఫిలిప్పీన్స్‌వాళ్ళు. తెలుగు తప్ప ఇంకేమీ రాని రోగి ఏ అంతస్తులో చేరినా నాకు ఫోను వచ్చేది. డ్యూటీలో లేకపోయినా హాస్టల్ నుంచి వెళ్ళేదాన్ని. మాది గోదావరి జిల్లాలో కాలవ గట్టు మీది ఊరు. అక్కడి మాట వినబడితే చాలని ఉండేది ఆ రోజుల్లో. ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా సరే, ఆ వంకతో కాసేపు తెలుగు మాట్లాడుకోవచ్చు.

ఒకసారి కడప వైపు నుంచి వచ్చిన ఒక ఇంటి డ్రైవరు మా వార్డులో చేరాడు. నలభై దాటిన మనిషి. అపెండిక్స్ పగిలిపోయాక తీసుకొచ్చారు. కడుపులో నొప్పి మొదలై చాలా రోజులైందట. ఎవరికీ చెప్పకుండా, పళ్ళు బిగబట్టుకుని, యజమాని పిల్లల్ని బడికి దించుతూ వచ్చాడట. చివరికి బండి రోడ్డు పక్కన ఆపి స్టీరింగ్ మీద వాలిపోతే, వెనక సీట్లో ఉన్న పిల్లలే దిగి ఎవరినో పిలిచారు. ఆపరేషన్ అయ్యాక, మాట వచ్చాక, ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నొప్పి అంటే వీసా క్యాన్సిల్ చేసి పంపిచ్చారని బయపడితి మ్మా. అట్ల కాదని ఆడ ఎవురూ చెప్పలేదు" అన్నాడు.

వాళ్ళ యజమాని రోజూ సాయంత్రం వచ్చి మంచం పక్కన కూర్చుని, అరబ్బీలో ఏదో అంటూ ఇతని చెయ్యి తట్టి వెళ్ళేవాడు. ఆయన ఏమంటున్నాడో ఇతనికి తెలియదు. బాగయ్యేదాకా పనికి రావద్దు, బండి ఎక్కడికీ పోదు అంటున్నాడని మా వార్డులోని ఈజిప్టు డాక్టరుని అడిగి నేను చెప్పాను. డ్రైవరు తల అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. నాకు జాలికంటే కోపం ఎక్కువ వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. ఒక్క మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఈ మనిషి చావు దాకా వెళ్ళేవాడు కాదు కదా అని.

ఆ కోపంలో నేను గొణుగుతున్నది వెనక నిలబడిన ఒక పెద్దాయన విన్నాడు. ఆయన్ని నేను అంతకుముందు కూడా చూశాను. ఒక ట్రేడింగ్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాడు. అక్కడ సెలవు రోజైన శుక్రవారం, ప్రార్థన కూటం అయ్యాక, సంచీలో కమలాపండ్లు వేసుకుని, వార్డుల్లో తెలుగువాళ్ళు ఎవరున్నారో కనుక్కుని పలకరించి వెళ్ళేవాడు. ఆరోజు నా దగ్గరికి వచ్చి వందనాలు చెప్పి, ఈ మాటలన్నీ మంచం దగ్గర కాకుండా భోజనం దగ్గర చెబితే బాగుంటుందని, వచ్చే శుక్రవారం తమ ఇంటికి రమ్మని పిలిచాడు. మా హాస్టల్లో వార్డెన్ అనుమతి లేనిదే బయటికి పోవడానికి లేదు. ఆయన భార్యే స్వయంగా వచ్చి వార్డెనుతో మాట్లాడింది. అప్పటి నుంచీ వాళ్ళు నాకు బాబాయి గారు, పిన్ని గారు.

వాళ్ళ ఇల్లు ముషైరిబ్‌లో, ఒక కుట్టుమిషన్ల దుకాణం మీద. మెట్లు ఎక్కుతుంటే కింద మిషన్ల చప్పుడు, పైన తాలింపు వాసన. వెళ్ళిన మొదటి రోజు బాబాయి గారు విషయం చెప్పారు. రాజమండ్రిలో ఆయన చదువుకున్న కాలేజీ లెక్చరరు ఒకాయన, రిటైరయ్యాక, మరి కొందరితో కలిసి ఒక చిన్న సంస్థ నడుపుతున్నారు. ఏ పార్టీకీ చెందదు. లాభం కోసం కాదు. రాష్ట్రంలో ఏ పద్ధతి సరిగ్గా లేదో చూసి, దాన్ని ఎలా మార్చవచ్చో ఆలోచించి, నాలుగు పేజీల్లో రాసి, ఎమ్మెల్యేలకూ ఆఫీసర్లకూ పత్రికలకూ పంపుతారు. రేషన్ షాపుల గురించి, కాలవ చివరి పొలాలకి నీళ్ళ గురించి, పంచాయతీల అధికారాల గురించి అలా చాలా రాశారట. బాబాయి గారు ఇక్కడి నుంచి తనకు తోచింది రాసి పంపేవారు. ఆయన చుట్టూ ఇంకొందరు చేరారు.

"మనది సంఘం కాదమ్మా. భోజనం" అన్నారు బాబాయి గారు. "ఈ దేశం సంగతులు మనకి అక్కర్లేదు. భోజనం చేశాక మన రాష్ట్రం గురించి కాసేపు మాట్లాడుకుంటాం, అంతే."

పిన్ని గారు మాత్రం దాన్ని సలహాల సంఘం అనేది. వీళ్ళ సలహాలన్నీ హైదరాబాదు సెక్రటేరియట్‌లో బీరువాల కింద ఎత్తు సరిచెయ్యడానికి వాడుతుంటారని ఆవిడ నమ్మకం. అలా అంటూనే అందరికీ మళ్ళీ మళ్ళీ వడ్డించేది.

వచ్చేవాళ్ళు మారుతుండేవారు గానీ ఒకతను ప్రతి వారం వచ్చేవాడు. గుడివాడ వైపు అతను. ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్. చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి, తిన్న కంచం తానే కడిగి పెట్టి, గోడకి ఆనుకుని కూర్చునేవాడు. మాట్లాడితే పెన్సిలుతో గీసినట్టు మాట్లాడేవాడు, ఒక గీత దాటి ఇంకో గీత. నన్ను అందరిలాగే సిస్టర్ గారూ అనేవాడు. నర్సుని ఎవరైనా అలాగే పిలుస్తారు కనక నాకేమీ అనిపించలేదు.

నేను వెళ్ళడం మొదలుపెట్టిన కొన్నాళ్ళకి లెక్చరర్ గారి నుంచి కబురు వచ్చింది. గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళ కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏం చెయ్యాలో మీరే రాసి పంపండి, అక్కడున్నది మీరే కదా అని. ఆరోజు భోజనం ముందు మొదలైన వాదన టీ తాగేదాకా సాగింది. డ్రాఫ్ట్స్‌మన్ ఏజెంట్ల మీద చట్టం తేవాలన్నాడు. ప్రతి ఏజెంటూ కలెక్టరు దగ్గర పేరు నమోదు చేసుకోవాలి, మోసం చేస్తే శిక్ష పడాలి. నేను డ్రైవరు సంగతి చెప్పాను. అతన్ని ఏ ఏజెంటూ మోసం చెయ్యలేదు, యజమానీ మంచివాడే, అయినా చచ్చిపోబోయాడు, ఏమీ తెలియకపోవడం వల్ల. వెళ్ళే ముందు కూర్చోబెట్టి తెలుగులో చెప్పేవాళ్ళు కావాలి అన్నాను. మాటలు చెబితే దొంగలు ఆగరండీ అన్నాడతను. చట్టం చేస్తే భయం పోదండీ అన్నాను నేను. బాబాయి గారు ఇద్దర్నీ చూసి, అయితే మీరిద్దరే కలిసి రాయండి, మిగతావాళ్ళం చదువుతాం అన్నారు.

అలా మొదలైంది. శుక్రవారం మధ్యాహ్నాలు, ప్లాస్టిక్ గుడ్డ పరిచిన వాళ్ళ భోజనాల బల్ల మీద, కిటికీలో ఏసీ గుర్రుమంటుంటే, ఎదురెదురుగా కూర్చుని రాసేవాళ్ళం. అతని అక్షరాలు అచ్చులో పోసినట్టుండేవి. వాక్యాలు మాత్రం సర్కారు గోడ మీది నోటీసుల్లా ఉండేవి. ఇది ఎవరికి అర్థమవుతుందండీ అంటే, ఆఫీసర్లకి అర్థమైతే చాలనేవాడు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. రాసిన ప్రతి పేరా వంటింటి గుమ్మంలో నిలబడి పిన్ని గారికి చదివి వినిపించాలి. ఆవిడ కూర కలుపుతూనే వింటే సరి. గరిటె ఆపి "ఏవిటీ?" అందంటే మళ్ళీ రాయాలి. మొదట్లో గరిటె చాలాసార్లు ఆగింది. ఒకసారి కూర మాడింది కూడా. ఆ తప్పు మా వాక్యానిదేనని ఆవిడ అందరి ముందూ తేల్చి చెప్పింది.

డ్రైవరు కూడా కోలుకున్నాక అప్పుడప్పుడూ భోజనానికి వచ్చేవాడు. పత్రం కొంచెం అతని గురించే కదా అని ఒకరోజు అతన్ని ఎదురుగా కూర్చోబెట్టి మొత్తం చదివాం. రెండో పేజీకి అతను హాయిగా నిద్రపోయాడు. పిన్ని గారు దుప్పటి కప్పింది. మేమిద్దరం నోరు మూసుకుని నవ్వుకున్నాం. డ్రాఫ్ట్స్‌మన్ నవ్వితే ఎలా ఉంటాడో ఆరోజే చూశాను.

ఆ తర్వాతి వారమే గొడవ వచ్చింది. అతను ఒక కొత్త పేరా రాసుకొచ్చాడు. ఇళ్ళల్లో పనికి వెళ్ళే ఆడవాళ్ళని, వయసులో చిన్నవాళ్ళని, రాష్ట్రం పంపకూడదు, ఆపెయ్యాలి అని. నేను చదివాను. నేను ఊరు వదిలి ఈ దేశం వచ్చినప్పుడు నా వయసు ఇరవై రెండు. మా నాన్న వద్దన్నాడు. మా ఊళ్ళో సగంమంది ఆడపిల్ల ఒక్కతే ఏమిటన్నారు. వాళ్ళందరి మాటా ఇప్పుడు ఇతని చక్కటి చేతిరాతలో కనబడింది. నన్ను కూడా ఆపేసేవారా అని అడిగాను. మీ సంగతి వేరు, మీరు చదువుకున్నారు అన్నాడు. ఆ మాటతో ఇంకా మండింది. కాగితాలు బల్ల మీద పెట్టి, తలనొప్పిగా ఉందని పిన్ని గారితో చెప్పి వెళ్ళిపోయాను.

తర్వాత రెండు శుక్రవారాలు కావాలనే డ్యూటీ వేయించుకున్నాను. పిన్ని గారు హాస్టల్‌కి ఫోను చేసి గోంగూర దొరికింది రమ్మంది. రాలేనన్నాను. వెళ్ళకపోతే ఏమవుతుందిలే అనుకున్నాను గానీ, శుక్రవారం మధ్యాహ్నం వార్డులో రోగులు నిద్రపోయే వేళకి ఆ బల్ల, ఆ గరిటె చప్పుడు గుర్తొచ్చి ఏమీ తోచేది కాదు.

ఒకరోజు విజిటర్ల వేళలో అతను వార్డు బయట కారిడార్లో నిలబడి ఉన్నాడు. ఎవరికైనా బాగాలేదా అని అడిగాను. లేదన్నాడు. చొక్కా చేతులు మడవడం మరిచిపోయాడు. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుని వచ్చినవాడిలా మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయి, మళ్ళీ మొదలుపెట్టాడు.

"మా అక్క కువైట్ వెళ్ళింది. ఇంటి పనికే. రెండేళ్ళు ఒక్క కబురు లేదు. ఎవర్ని అడగాలో మాకు తెలీదు. అమ్మ రోజూ పోస్టాఫీసుకి వెళ్ళి అరుగు మీద కూర్చునేది. వద్దని ముందే ఆపి ఉంటే బాగుండేదని అమ్మ ఇప్పటికీ అంటుంది. అందుకని రాశాను. మిమ్మల్ని అనాలని కాదు."

సిస్టర్ గారూ అనలేదు. అప్పుడే గమనించాను.

అక్క తర్వాత ఏమైందని అడిగాను. తిరిగి వచ్చిందట. అక్కడి సంగతులేవీ చెప్పలేదట, ఎవరూ గుచ్చి అడగలేదట. ఇప్పుడు ఊళ్ళో మిషను కుడుతోంది, బాగానే ఉంది అన్నాడు. ట్రాలీ వెళ్ళడానికి ఇద్దరం గోడకి జరిగి నిలబడ్డాం.

"ఆపకండి" అన్నాను. "వెళ్ళనివ్వండి. కానీ మీ అమ్మ వెళ్ళి అడగడానికి ఒక చోటు ఉండాలి. పోస్టాఫీసు అరుగు కాదు. అడిగితే జవాబు చెప్పాల్సిన చోటు."

అతను జేబులోంచి పెన్సిల్ తీశాడు. రాసుకోవడానికి ఏమీ లేక అరచేతి మీద రాసుకున్నాడు. మా పత్రంలో అందరికీ నచ్చిన భాగం ఆ కారిడార్లోనే పుట్టింది. ప్రతి జిల్లాలో ఒక గది. అక్కడ ఒక మనిషి. బయటి దేశానికి వెళ్ళినవాళ్ళ గురించి ఇంట్లోవాళ్ళు వచ్చి అడిగితే, ఆ మనిషి హైదరాబాదుకి రాస్తాడు, హైదరాబాదు అక్కడి మన ఎంబసీని అడుగుతుంది, వచ్చిన జవాబు మళ్ళీ ఆ తల్లికి చేరుతుంది. అదే గదిలో వెళ్ళబోయేవాళ్ళకి చెప్పవలసినవి చెబుతారు. ఏజెంట్ల మీద అతని చట్టం కూడా ఉంది. ఆపెయ్యాలన్న పేరా లేదు. ఆ తర్వాతి శుక్రవారం గుమ్మంలో నిలబడి అదంతా చదివితే పిన్ని గారు గరిటె ఆపలేదు. అయిపోయాక పొయ్యి కట్టేసి, కొంగుతో ముఖం తుడుచుకుని, హైదరాబాదులో వాళ్ళకి బీరువాల కింద ఇది పెట్టడానికి మనసొప్పదులే అంది.

పత్రాన్ని బాబాయి గారు టైపు చేయించి రాజమండ్రి పంపారు. లెక్చరర్ గారు దాన్ని సగానికి సగం కోసి, హైదరాబాదు తీసుకువెళ్ళారట. ఒక ఆఫీసరు బాగుందన్నాడట, ఇంకొకరు ఇది ఢిల్లీ పని అన్నారట. ఆ తర్వాత ఏ కబురూ లేదు. నెలలు గడిచాయి. మేము స్కూళ్ళ తనిఖీల గురించి రాయడం మొదలుపెట్టాం. దాని మీద కూడా పోట్లాడుకున్నాం, కానీ ఈసారి ఎవరూ లేచి వెళ్ళిపోలేదు.

చలికాలంలో శుక్రవారం సాయంత్రాలు బాబాయి గారు అందర్నీ సముద్రపు ఒడ్డున కార్నిష్‌కి నడకకి తీసుకెళ్ళేవారు. ఒకరోజు ఆయనా పిన్ని గారూ ముందు నడుస్తున్నారు, మేము కొంచెం వెనక. సముద్రం మీద చెక్క పడవలు వరసగా కట్టేసి ఉన్నాయి. అతను ఉన్నట్టుండి, మా అమ్మకి మీ గురించి రాశాను అన్నాడు.

"మిమ్మల్ని అడక్కుండా రాశాను. మీకు ఇష్టం లేకపోతే, కాదని మళ్ళీ రాస్తాను."

"ఏమని రాశారు?"

"నాతో వాదించి నా మనసు మార్చిన మనిషి ఒకరున్నారని."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏదీ కనబడకూడదని పడవల వైపు చూస్తూ నడిచాను. చాలా దూరం నడిచాక, కాదని రాయొద్దు అన్నాను. ముందు వెళ్తున్న పిన్ని గారు వెనక్కి తిరగకుండానే బాబాయి గారి చెయ్యి పట్టుకుంది. ఆవిడకి ఎలా తెలిసిందో ఇప్పటికీ తెలియదు.

మా పెళ్ళికని సెలవు మీద ఊరికి వచ్చినప్పుడు, కార్డు ఇవ్వడానికి ఇద్దరం రాజమండ్రిలో లెక్చరర్ గారి దగ్గరికి వెళ్ళాం. సంస్థ అంటే పెద్దదేదో ఊహించుకున్నాను. ఒక ప్రెస్సు పైన రెండు గదులు. తాటాకు చాప, కాగితాల కట్టలు, ఒక ఫ్యాను. లెక్చరర్ గారు సన్నగా, చేనేత చొక్కాలో, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు. పత్రాన్ని కోసేసినందుకు కోపం వచ్చిందా అని ముందు అదే అడిగారు. రాలేదని నేను అబద్ధం చెప్పాను, వచ్చిందని మా ఆయన కాబోయేవాడు నిజం చెప్పాడు. ఆయన పెద్దగా నవ్వి, హైదరాబాదు కదల్లేదు గానీ ఒక జిల్లా కదిలిందని చెప్పారు. ఒక జాయింట్ కలెక్టరుకి పత్రం నచ్చి, తన ఆఫీసులోనే ఒక గది కేటాయించి చూస్తున్నాడట. రేపే అక్కడ మీటింగు ఉంది, వెళ్ళండి అన్నారు.

వెళ్ళాం. కలెక్టరాఫీసు వెనక పాత రికార్డు గది. రికార్డులు ఒక మూలకి నెట్టి చాపలు పరిచారు. వీసా వచ్చిన ఆడవాళ్ళూ మగవాళ్ళూ, కొందరు చంటిపిల్లలతో, కూర్చుని ఉన్నారు. ముందు ఒక బడి టీచరమ్మ నిలబడి కాగితం చూసి చదువుతోంది. పాస్‌పోర్టు నంబరు ఇంట్లో రాసి పెట్టి వెళ్ళండి. పని చేసే ఇంటి చిరునామా చేరగానే ఇంటికి రాయండి. ఒంట్లో బాగాలేకపోతే చెప్పండి, చెప్పడం తప్పు కాదు. అవి మా వాక్యాలే. వెనక వరసలో ఒక పిల్ల, నేను వెళ్ళినప్పటి వయసే ఉంటుంది, చెయ్యెత్తి, చెప్పడానికి భాష రాకపోతే ఎలాగండీ అని అడిగింది. టీచరమ్మ కాగితంలో వెతికింది. అందులో లేదు. మాకు తోచలేదు అది.

నేను లేచాను. నొప్పి ఎక్కడుంటే అక్కడ చెయ్యి పెట్టి చూపించు, ఆసుపత్రిలో తెలుగు సిస్టరు కావాలని అడుగు, తెలుగు అన్న ఒక్క మాట చాలు అని చెప్పాను. అందరూ ఆ మాటని ఒకసారి గట్టిగా అన్నారు. తెలుగు. గది బయట వరండాలో ఒక ముసలామె కిటికీ దగ్గర నిలబడి, మస్కట్‌లో ఉన్న కొడుకు పేరు గుమాస్తాకి రాయిస్తోంది. మా ఆయన ఆవిణ్ణే చూస్తూ నిలబడిపోయాడు. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు అతని చెయ్యి పట్టుకున్నాను. పెళ్ళి కాకముందు అలా పట్టుకోవడం అదే మొదటిసారి.

ఆ గది ఎక్కువ కాలం నడవలేదు. జాయింట్ కలెక్టరుకి బదిలీ అయింది, తర్వాత వచ్చినవాళ్ళు రికార్డుల్ని మళ్ళీ గది నిండా సర్దారు. చాలా ఏళ్ళ తర్వాత ఇలాంటివి కొన్ని అక్కడక్కడా వచ్చాయని విన్నాం. మా పత్రానికి వాటిలో ఏమైనా పాలు ఉందో లేదో తెలియదు. మా ఆయన ఉందంటాడు, నేను చెప్పలేమంటాను. ఆ కిటికీ తెరిచి ఉన్నన్నాళ్ళు మాత్రం కొందరు తల్లులకి జవాబులు వచ్చాయని లెక్చరర్ గారు కబురు చేశారు. మస్కట్ కొడుకు సంగతి కూడా తెలిసిందట. కంపెనీ మారాడు, అంతే, క్షేమంగా ఉన్నాడు.

పెళ్ళయి దోహా తిరిగి వచ్చాక ముషైరిబ్‌లోనే, బాబాయి గారింటికి రెండు వీధుల అవతల, ఒక చిన్న ఫ్లాట్ తీసుకున్నాం. బాబాయి గారికి సర్వీసు అయిపోవస్తోంది. వెళ్ళేలోపు ఒక శుక్రవారం మీ ఇంట్లో భోజనం పెట్టండి అన్నారు. పెట్టాం. అన్నం పలుకుగా ఉడికింది, పప్పులో ఉప్పు మరిచాను. పిన్ని గారు లేచి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చి అందరి మధ్యా పెట్టింది. డ్రైవరు కొత్తగా వచ్చిన తన ఊరివాణ్ణి ఒకర్ని వెంటబెట్టుకొచ్చాడు. ఇది ఏం మీటింగన్నా అని అతను మెల్లగా అడిగితే, "మీటింగు గాదు ల్యా, బువ్వ. తిను" అన్నాడు.

భోజనాలయ్యాక బాబాయి గారు లెక్చరర్ గారు పంపిన కొత్త విషయం చెప్పారు. పల్లెల్లో ఆరోగ్య కేంద్రాలకి నర్సులు ఎందుకు నిలవడం లేదు, నిలవాలంటే ఏం చెయ్యాలి. అందరూ ఒకేసారి మాట్లాడబోయారు. మా ఆయన పెన్సిలూ కాగితాలూ నా ముందుకు జరిపాడు.

"ఇది నీకు తెలిసిన సంగతి. నువ్వు మొదలుపెట్టు" అన్నాడు. "నేను తర్వాత కాదంటాను."